వెనక సీటు పొడవు

పుస్తకం పెట్టినప్పుడల్లా మా కారు వెనక సీటు పొడవు పెరుగుతోంది. పల్చటి పుస్తకానికి గజం, లావుపాటి దానికి అర మైలు. కారు ముందు భాగం ఒంగోలులో మా ఇంటి ముందే ఉంది. సీటు అవతలి చివర కిటికీ పక్కన కూర్చున్న నా భార్య హైమావతి మాత్రం ఇప్పటికే వీధి మలుపు దాటిపోయింది.

నేను దారుల ఫోటోలు తీస్తాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. ఏడాది నుంచి ఎక్కడ నిలబడి మీట నొక్కినా బూడిద రంగు తప్ప ఏమీ పడటం లేదు. కెమెరాలు బాగుచేసే ఖాదర్ వలి నా కెమెరాను విప్పి చూసి మళ్లీ బిగించాడు.

"దీనికేం కాలా సార్. మీరే వట్టిపోయారు. ఈసారి పోయేటప్పుడు కాస్త ఉత్సాహమిచ్చే పుస్తకాలు పట్టుకుపోండి," అన్నాడు.

ఏవి ఉత్సాహమిస్తాయో తెలియక అన్నీ పెడుతున్నాను. మంచుకొండ ఎక్కి వేళ్లు పోగొట్టుకున్నవాడి కథ. ఒంటెతో ఎడారి దాటిన మనిషి దినచర్య. రంగుల గురించి ఒక గుడ్డివాడు చెప్పిన సంగతులు, మూడు సంపుటాలు. చేతులు లాగుతున్నాయి. ఏది వదిలేస్తే దానిలోనే నాకు కావలసింది ఉంటుందేమోనని భయం.

"చాల్లెండి," అంటుంది హైమావతి. ఆ మాట నా దాకా రావడానికి కొంచెం సేపు పడుతుంది. అది వచ్చేసరికి నేను ఇంకో రెండు పెట్టేసి ఉంటాను.

నల్లమల కొండ మలుపుల కోసం బయల్దేరతాం. మధ్యాహ్నానికి నేను పొదిలి చేరతాను. హైమావతి ఇంకా చీమకుర్తి కూడా దాటలేదు. ఫోన్ చేస్తుంది.

"ఇక్కడ వాన పడతా ఉంది. అద్దం ఎత్తుకోనా?"

"ఎత్తుకో. ఇక్కడ ఎండ."

"అయితే మీకు ఉక్కపోస్తదేమో."

"నీ వైపు అద్దమే కదా."

"కారు ఒకటే గదండీ," అంటుంది. వాన చప్పుడు ఫోన్లోంచి వచ్చి నా చెవిని తడుపుతుంది.

"ఏ పుస్తకం చదువుతున్నారు?"

"ఏదీ మొదలుపెట్టలేదు. ముందు ఏది చదవాలో తేలడం లేదు."

ఆమె ఇంకేదో అంటుంది. సిగ్నల్ పోతుంది.

సాయంత్రానికి అడవి గేటు దగ్గర ఆగుతాను. కాపలా మనిషి పోలయ్య వంగి కారులోకి చూస్తాడు. సీటు వెంబడి అతని చూపు చాలా దూరం వెళ్లి తిరిగి వస్తుంది.

"పొద్దు గూకితే గేటు దించేస్తా సారూ. కారు మొత్తం లోపలికి రావాల."

"వెనక నా భార్య ఉంది."

"యాడ దాకా వచ్చింది?"

"మార్కాపురం దగ్గరికి వచ్చి ఉంటుంది."

"అయితే ఆ పక్కనే ఉండిపోద్ది. గేటు పడినకాడ సీటు తెగిపోద్ది."

అతను చెయ్యి చూపిస్తాడు. రోడ్డు పక్కన, తెగిన సగం సీటు మీద ఒకామె కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"పోయినేడు ఉండిపోయింది. వాళ్లాయన చూసుకోకుండా ముందుకు పోయాడు," అంటాడు పోలయ్య. ఆమె తలెత్తదు. గిన్నె నిండిపోయి ఉంది.

దిగి వెనక తలుపు తీస్తాను. మొదట మంచుకొండ పుస్తకం పట్టుకుంటాను. పనికొస్తుందో లేదో చూద్దామని తెరిస్తే అక్షరాలు నాకు కొత్తగా ఉన్నాయి. వాటిని చదివే గొంతు మాత్రం తెలిసినదే, హైమావతిది. ఎడారి పుస్తకం తెరుస్తాను. అందులోనూ ఆమె గొంతే. వీటిలో ఒక్కటి కూడా నేను చదవలేదు. నేను స్టీరింగ్ పట్టుకుని ఉంటే ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఆమె ముందు సీటులోంచి వెనక్కి ఎప్పుడు వెళ్లిందో నాకు గుర్తు లేదు.

ఒక్కొక్కటే తీసి కల్వర్టు గోడ మీద పెడతాను. తీసినప్పుడల్లా నులక మంచం కిర్రుమన్నట్టు చప్పుడు చేసి సీటు కుదించుకుంటుంది. ఒక బస్సు ఆగుతుంది. దిగినవాళ్లు అడక్కుండానే తలా ఒక పుస్తకం తీసుకుని, దానికి తగ్గంత దూరం ఒకరి నుంచి ఒకరు జరిగి నిలబడతారు. వాళ్లలో కొందరు ఇక కనపడరు.

నా నడుం పట్టేస్తుంది. పోలయ్య గేటు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ సగం చెట్లెక్కింది.

హైమావతి వస్తుంది. జుట్టు నిండా చీమకుర్తి వాన. మా మధ్య ఇక పడవల మీద వంట చేసేవాళ్ల గురించిన పల్చటి పుస్తకం ఒక్కటే ఉంది. దాని మీద చెయ్యి వేస్తాను.

"అది ఉండనివ్వండి," అంటుంది.

"ఎందుకు?"

"గజం దూరమన్నా లేకపోతే ఫోటో ఎట్టా తీస్తారు?"

ఇన్నేళ్లలో నేను ఆమె ఫోటో తీయలేదు. దారి ఎప్పుడూ ఎదురుగా ఉండేది, ఆమె ఎప్పుడూ పక్కన. కెమెరా ఎత్తి నొక్కుతాను. తెర మీద బూడిద లేదు. ఆమె ఉంది. మెడ మీద తడి, కళ్ల కింద నల్లటి చారలు, కిటికీకి ఆనించి ఆనించి ఒకవైపు అణిగిపోయిన జుట్టు.

"ఇంత అలిసిపోయావా?"

"మీకన్నా ముందు నించే."

"చెప్పలేదే."

"చెప్పానండీ. మీ దాకా రాలేదేమో."

నేను క్షమించమనబోతాను. ఆమె చెయ్యి చాపి నా భుజం మీద వేస్తుంది. గజం సరిగ్గా ఆ చెయ్యంతే ఉంది.

పోలయ్య కారును ముందు నుంచి వెనక దాకా అదే తాడు కొసతో కొలిచి తల ఊపుతాడు. మేం లోపలికి వెళ్లాక వెనక గేటు దిగిన చప్పుడు వినిపిస్తుంది.

మొదటి మలుపులో కొండ తన మీద మిగిలిన ఎండను విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టి కిటికీలోంచి హైమావతికి అందిస్తుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె దాన్ని మా ఇద్దరి మీదా కప్పుతుంది. ఆ మడతల్లోంచి, గూళ్లకు వెళ్లవలసిన కొంగలు ఒక్కొక్కటే బయటికి వచ్చి స్టీరింగ్ మీద వాలతాయి. వాటి బరువుకి అది మెల్లగా రోడ్డు లేని వైపు తిరుగుతుంది. ఈసారి దారి వెతక్కుండా నేను చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంటాను.