చెవిలో చెప్పిన మాట

ఊరు దాటినప్పటి నుంచీ అక్క నన్ను ఒక్కసారి కూడా నోరు ముయ్యమనలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈవిడకి ఏదో పెద్ద జబ్బే చేసిందని.

మా సంగతి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేను కూరగాయల మార్కెట్లో వేలంపాట నడుపుతాను. టమాటా గంపల మధ్య స్టూలెక్కి నిలబడి అరవడం మొదలుపెడితే, అవతలి గేటు దగ్గర టీ తాగేవాడికి కూడా ధర తెలిసిపోతుంది. అక్కడ నన్నందరూ ‘మైకు’ అంటారు. ఇంట్లోనూ అదే గొంతు. ఏం చేయను, ఇంకోటి లేదు! అక్క ఆసుపత్రిలో పరీక్షల గదిలో పనిచేస్తుంది. రోజంతా మైక్రోస్కోపులో కళ్లు పెట్టుకుని కూర్చుని వస్తుంది కాబట్టి ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. “నీ నోటికి తాళం వెయ్యవే తల్లీ” అన్నదే ఆవిడ నాకు చెప్పే గుడ్ నైట్.

అలాంటి మనిషి ఉన్నట్టుండి వీపుకి తగిలించుకునే సంచులు రెండు కొనుక్కొచ్చి, “పదవే, ఎప్పటి నుంచో చూడాలంటున్నావుగా, ఆ పాత నగరం చూసొద్దాం” అంది. అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడే మనిషి ఊళ్లు తిరుగుదాం అంటోంది!

పిసినారితనం మాత్రం సంచుల్లో సర్దుకునే బయలుదేరింది. ఎర్ర బస్సులు, పూటకి బ్రెడ్డూ అరటిపండ్లూ, ఒకే గదిలో పైనా కిందా మంచాలు వేసి ముక్కూమొహం తెలియని వాళ్లందరినీ పడుకోబెట్టే హాస్టలు. కిటికీ చువ్వల నిండా ఎవరెవరివో తడి తువ్వాళ్లు. గదిలో గాలి వచ్చే మంచం ఒక్కటే ఉంది. అక్క దాని మీద నా సంచి పెట్టింది.

ఊరు మాత్రం అద్భుతం. గుడి గోడకి ఆనుకుని మసీదు, మసీదు వెనకే చర్చి, ఆ సందు దాటితే నాకు నోరు తిరగని పేర్ల మందిరాలు. ఎన్ని తరాల పాదాలు తొక్కాయో, గడపల రాళ్లు మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. నేను చూసిన ప్రతిదాని గురించీ వాగుతూనే ఉన్నాను. అక్క వింటూనే ఉంది. ఒకచోట మెట్ల మీద కూర్చుని, మా మార్కెట్లో కుళ్లిన వంకాయలు అంటగట్టబోయిన దళారిని నేనెలా కడిగేశానో చెబుతున్నాను. ఇంట్లో ఇప్పటికే పదిసార్లు చెప్పిన కథ. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

“ఆగావేం? ఇంకా చెప్పవే” అంది అక్క.

ఇంకా చెప్పవే అంది! నా గుండె గుభేలుమంది.

ఊరికే భయపడే రకం కాదు నేను. ప్రయాణానికి ముందు నా మెడ దగ్గర చిన్న గడ్డలాంటిది చేతికి తగిలితే, అక్క తన ఆసుపత్రికే తీసుకెళ్లి సూది గుచ్చించి పరీక్ష చేయించింది. “ఏం లేదే, వట్టి కొవ్వు” అని తేల్చేసింది. బతికాంరా బాబూ అనుకున్నాను. కానీ అదే రోజు పెద్ద డాక్టరు అక్కని లోపలికి పిలిచి, తలుపు మూసి చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చిన అక్క ముఖం సున్నం కొట్టినట్టుంది. ఏమైందంటే, “డ్యూటీ గొడవలే” అంటూ కళ్లు తుడుచుకుంది. డ్యూటీ గొడవలకి మా అక్క ఏడవదు, ఎదుటివాళ్లని ఏడిపిస్తుంది.

పైగా ఇక్కడ మొక్కులు మొదలుపెట్టింది. జన్మలో దేవుడికి దండం పెట్టని మనిషి, గుడిలో దీపం వెలిగించింది. మసీదులో ఆడవాళ్ల వైపు కొంగు కప్పుకుని కూర్చుంది. చర్చిలో కొవ్వొత్తి ముందు మోకరిల్లింది. ఇంకో మందిరంలో గోడకి చెవి ఆకారంలో ఒక తొర్ర ఉంటే, దానికి నోరు ఆనించి ఏదో గొణిగింది. ఎక్కడికి వెళ్లినా కళ్లలో నీళ్లే. అడిగితే ఒకటే మాట, “దుమ్మే”. ఊరంతా దుమ్మేనా! ఆవిడ అటు తిరగ్గానే నేనూ వెళ్లి అదే దీపం దగ్గర, అదే తొర్ర దగ్గర, మా అక్కని నాకు వదిలెయ్యమని బతిమాలుకుంటూ వచ్చాను.

ఆఖరున కొండ వైపు సందులో ఉన్న మందిరానికి వెళ్లాం. గేటు దగ్గర ఒక గైడు వెంటపడ్డాడు.

“అమ్మా, ఇక్కడి పద్ధతులు వేరమ్మా. తెలియకపోతే ఇబ్బంది పడతారు. ఎంతో కొంత ఇవ్వండి, అన్నీ చెబుతా” అన్నాడు.

“మాకూ కళ్లున్నాయిలే నాయనా. చూసి నేర్చుకుంటాం” అని అక్క ముందుకు నడిచింది.

గుమ్మంలో తెల్లబట్టల ముసలమ్మ ఒకావిడ నిలబడి ఉంది. ఏదైనా అడుక్కోవాలంటే తన చెవిలో చెప్పి లోపలికి వెళ్లమంది. అంతేకదా అనుకున్నాం. గోడకి ఉన్న చెవి బదులు మనిషి చెవి. ముందు నేను చెప్పాను. తర్వాత అక్క వంగి చాలాసేపు చెప్పింది. ముసలమ్మ అక్క తల నిమిరింది.

లోపల విగ్రహం లేదు, దీపం లేదు. పొడుగ్గా పరిచిన చాపల మీద ఆ పేటవాళ్లు పిల్లాజెల్లాతో కిక్కిరిసి కూర్చున్నారు. మేం గోడవారన ఇరుక్కున్నాం. కాసేపటికి తలుపులు మూశారు. ముసలమ్మ అరుగెక్కి నిలబడి, గొంతు సవరించుకుని, “మా అబ్బాయి తాగుడు మానాలి” అంది. హాలంతా ఒక్క గొంతుతో, “మా అబ్బాయి తాగుడు మానాలి” అంది. నా పక్కనున్న చంటిదాని తల్లి కూడా అంది. చంటిది తాగేది పాలే కదా!

“ఓసి దీని దుంపతెగ! చెవిలో చెప్పినవన్నీ పైకి చదివేస్తోందేంటే అక్కా!” అని మోచేత్తో పొడిచాను. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేవబోయింది, ముందు వరసవాళ్లు కూర్చోమని కొంగు పట్టి లాగారు.

“మా అక్కకి ఏ జబ్బూ ఉండకూడదు. మా అక్క లేకపోతే నేను బతకలేను” అంది ముసలమ్మ.

హాలంతా అదే అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క నా వైపు తిరిగింది.

“నాకు జబ్బేంటే?”

“నటించకు. నాకన్నీ తెలుసు.”

“నీకేం తెలుసే పిచ్చిదానా! నాకేం లేదు. పద, పద బయటికి” అని నా రెక్క పట్టుకుంది. అప్పటికే ముసలమ్మ తర్వాతి మాట అందుకుంది.

“మా చెల్లి మెడలో క్యాన్సర్ గడ్డ ఉంది. అది తీసేటప్పుడు దాని గొంతు పోకూడదు. ఈ సంగతి దానికెలా చెప్పాలో నాకు తెలియడం లేదు.”

“మా చెల్లి మెడలో క్యాన్సర్ గడ్డ ఉంది” అంది హాలు. ముసలివాళ్లూ పిల్లలూ, ముందు వరసలో బోసినోటి తాతా, అందరూ అన్నారు. అందరికీ నేనే చెల్లెలినైపోయాను. నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. గడ్డ అక్కడే ఉంది. ఇన్నాళ్లూ కొవ్వనుకుని మాటిమాటికీ తడుముకుంటున్నదే.

“కొవ్వన్నావు కదే!” అన్నాను.

“అబద్ధం చెప్పాను.” అక్క నా చెయ్యి వదల్లేదు. “ప్రాణానికి భయం లేదే, డాక్టరు గట్టిగా చెప్పాడు. గొంతు నరం ఆ గడ్డకి అతుక్కుపోయింది. తీశాక మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఊరెళ్లగానే చెబుదామనుకున్నా. ఈలోపల కడుపునిండా మాట్లాడుకుంటావని…”

“నా మెడ! నా గొంతు! ఊరందరి చేతా అనిపించావు, నాకు మాత్రం చెప్పలేదు! నువ్వెవరివే దాచడానికి? రోజంతా ఎవరెవరి రిపోర్టులో చేతికిస్తావు, నాది ఇవ్వలేకపోయావా?”

“లేకపోయాను” అంది అక్క. “వాళ్లెవరూ నాకు చెల్లెళ్లు కారు.”

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఏదీ చేయలేక కూర్చున్నాను. చూస్తే హాలంతా నిశ్శబ్దంగా ఉంది. అన్ని తలలూ మా వైపే తిరిగి ఉన్నాయి.

“ఆ చెల్లెలు ఇక్కడే ఉన్నట్టుంది” అంది ముసలమ్మ అరుగు మీద నుంచి, మెల్లగా. “ఉంటే లేచి తన నోటితో తను అడగాలమ్మా. అదే ఇక్కడి పద్ధతి. నువ్వు అడిగేదాకా మేం ఆగుతాం.”

లేచాను. ఏమనాలో నాకు తెలుసు. నా గొంతు నాకు ఉండాలి, అంతే. రోజూ అంతకు రెట్టింపు జనం ముందు అరిచే దాన్ని. స్టూలెక్కినట్టే గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. నోరు తెరిస్తే ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాను. ఎవరిదో చిన్నపిల్ల గొంతులాంటిది బయటికి వచ్చింది.

“నాకు భయంగా ఉంది.”

అడగాల్సింది అది కాదు. ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ముసలమ్మ తల ఊపింది.

“నాకు భయంగా ఉంది” అంది హాలంతా. తాత అన్నాడు, చంటిదాని తల్లి అంది, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లూ అన్నారు. అందరూ అనడం అయిపోయాక, మళ్లీ నిశ్శబ్దమయ్యాక, అక్క ఒక్కతే నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

“నాకు భయంగా ఉందే” అంది.