రోజర్ వెల్బీ ఆఖరి వ్యాఖ్యానం

రోజర్ వెల్బీ ఇంగ్లండ్ తరఫున పద్దెనిమిది టెస్టులు ఆడాడు. హెల్మెట్ పెట్టుకోవడం నామోషీ అనుకునే ఓపెనర్. తలకు మూడుసార్లు దెబ్బ తగిలినా క్రీజు వదల్లేదని పేరు. ఆట మానేశాక ఇరవై ఏళ్లకు పైగా వ్యాఖ్యానమే బతుకుతెరువు. విడాకుల తర్వాత సింగపూర్ చేరి, బిషాన్‌లో ఒంటరిగా ఉంటూ, ఎక్కడో జరిగే మ్యాచ్‌లకు ఇక్కడి స్టూడియోలో తెర చూస్తూ వ్యాఖ్యానం చెప్పేవాడు.

పక్క కుర్చీలో గణాంకాలు అందించే తారాదేవిది కాకినాడ. ఆయన ఆటగాళ్ల పేర్లు మరిచిపోతున్నాడని కనిపెట్టింది ఆమే. ఏమీ అనకుండా చీటీ మీద రాసి ముందుకు జరిపేది. మొదట్లో మ్యాచ్‌కి ఒకటో రెండో. ఏడాది తిరిగేసరికి ఓవరుకొకటి.

"ఆఫీసులో చెప్పెయ్ తారా. రేపేదైనా అయితే బ్లేమ్ అంతా నీ మీదే పడుద్ది," అన్నాడు భర్త కృష్ణప్రసాద్, టాంపినీస్‌లో ట్రైన్ దిగి ఇంటికి నడుస్తూ.

"ఆ మైకు తప్ప ఆయనకేం లేదండీ. ఈ సిరీస్ అయిపోనివ్వండి."

సిరీస్ అవలేదు. రెండో టెస్టు మూడో రోజు, బౌన్సర్ తలకు తగిలి ఒక బ్యాటర్ పిచ్ మీద కూలిపోయాడు. తార అతని పేరు రాసి జరిపింది. రోజర్ చూడలేదు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"నాకేం కాలేదు," అన్నాడు మైకులో. "కళ్లు మసగ్గా ఉన్నాయంతే. కెప్టెన్‌కి చెప్పకండి. జట్టులోంచి తీసేస్తాడు."

తార మైకు ఆపేలోపే అంతా ప్రసారమైపోయింది. సాయంత్రానికి ఆ వీడియో ఫోన్లన్నిటిలో తిరిగింది. తాగొచ్చాడని నవ్వుకున్నారు. ఛానల్ వాళ్లూ కాదనలేదు.

తార ఊరుకోలేకపోయింది. అది తాగుడు కాదనీ, జ్ఞాపకం పోతోందనీ, ఏడాదిగా తానే దాచాననీ ఒక విలేకరికి చెప్పింది. ఆమె ఉద్యోగం పోయింది. నవ్వినవాళ్లే రోజర్‌కి సానుభూతి సందేశాలు పెట్టారు.

వారం తర్వాత బిషాన్‌లో ఆయన ఇంటికి వెళ్లింది. రోజర్ తలుపు తీశాడు. ఆమెను గుర్తుపట్టాడు గానీ, లోపలికి రమ్మనలేదు.

"తాగుబోతు అన్నా బాగుండేది తారా. తాగుబోతుకి మళ్లీ పని ఇస్తారు."

"మీ మీద అబద్ధపు నింద వేస్తుంటే చూడలేకపోయాను."

"నన్నొక్క మాట అడగాల్సింది. ఏడాదంతా నా పక్కనే కూర్చున్నావు కదా."

ఆయన మొహంలో కోపం లేదు, అలసట తప్ప. నెమ్మదిగా తలుపు వేసుకున్నాడు.

నెల తిరక్కుండా ఇంగ్లండ్ నుంచి చెల్లెలు వచ్చి ఆయన్ని తీసుకెళ్లిపోయింది. తార రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి చెల్లెలే ఎత్తి, మీ గొంతు వింటే అన్నయ్య రోజంతా కలత పడుతున్నాడు, ఇక చెయ్యకండి అంది.

తార మళ్లీ చెయ్యలేదు.