మంచం పక్కది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. నిర్మలాదేవి రెండూ చూసింది, కాకపోతే రెండూ పక్కన నిలబడే చూసింది. జూలూరుపాడులో కొత్తింటికి స్థలం ఎక్కడో, వాకిలి ఎటో, గచ్చుకు ఏ రాయో అంతా వెంకటనారాయణే తేల్చాడు. మిర్చి వ్యాపారంలో చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ తన మాట మీద నడిపించే మనిషి, పెళ్లాన్ని అడిగి పునాది తవ్విస్తాడా? అలాంటివాడికి గోడల్లో వైర్లు లాగే వేళకు ఏ పుణ్యాన బుద్ధి పుట్టిందో, అన్నం తింటూ అన్నాడు.

"లైట్లూ స్విచ్చులూ నీ ఇష్టం నిర్మలా. ఖమ్మం వెళ్లి నచ్చినవి చూసుకో. తర్వాత నన్ను మాత్రం అనకు."

ఆమె పప్పు వడ్డిస్తున్న గరిటె అలాగే ఆగిపోయింది. "సరే" అని మాత్రం అంది. ఆ సాయంత్రం మాత్రం ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

ఆమెకు కావలసింది నిజానికి ఒక్కటే. పడకగదిలో మంచానికి తన వైపు ఒక స్విచ్చు. పాత ఇంట్లో అది ఆయన వైపు గోడకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ వెలుతురు కావాలంటే "ఏమండీ, కాస్త లైటు వేస్తారా" అని అడగాలి. ఆయన నిద్రలో ఉంటే విసుగు, మెలకువగా ఉంటే విచారణ. ఒక ఎండాకాలం, కింద ఏదో చరచరమంటోందండీ అంటే "నీ బొంద, పడుకో" అన్నాడు. ఆ చరచరమన్నది తేలు. కొత్తగూడెం ఆసుపత్రిలో ఆమె కాలు పట్టుకుని ఏడుస్తుంటే, "కింద చూసుకుని అడుగు వెయ్యొద్దూ" అని చూడవచ్చిన వాళ్లందరి ముందూ ఆమెనే కసిరాడు. చీకట్లో దేనితో చూసుకోవాలో మాత్రం ఆ మహానుభావుడు చెప్పలేదు.

ఖమ్మం షాపులో శ్రావణి అనే అమ్మాయి అద్దంలా మెరిసే పలకలు చూపించింది. వేలు ఆనిస్తే వెలిగేవి, ఫోనులోంచి వేసుకునేవి, నోటితో చెబితే వినేవి. నిర్మలాదేవి తొందరపడలేదు. తడి చేత్తో ముట్టుకోవచ్చా అని అడిగింది. నెట్ పోతే గుడ్డి దీపాలవుతాయా అని అడిగింది. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ వాటంతటవే వెలుగుతాయా అని కూడా అడిగింది.

"కొన్ని బల్బులు వెలుగుతయ్ మేడం, సెట్టింగ్‌ల మార్చుకోవాలె," అంది శ్రావణి. "నెట్ లేకున్నా చేత్తోని నొక్కితే పనిచేసేటివి ఉన్నయ్. మీకు గవే మంచిగుంటయ్."

హాలుకు ఫోనుతో రంగులు మారేవి తీసుకుంది, వచ్చినవాళ్లకు చూపించుకోవడానికి ఆయనకు ఏదో ఒకటి ఉండాలి కదా. వంటింటికి టకటకా నొక్కే మామూలు బటన్లు. మెట్లకు కిందా పైనా రెండు చోట్ల నుంచీ వేసుకునేవి. వరండాకు మనిషి కదిలితే వెలిగే దీపం. తన మంచం పక్కకు చిన్న పసుపు దీపం, దాన్ని పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ ఒక గుండ్రటి తిప్పే స్విచ్చు. షాపులో దాన్ని తిప్పుతుంటే వెలుతురు వేళ్ల కింద మెల్లగా పెరిగింది. చంటిపిల్లకు గిలక్కాయ దొరికినట్టు మళ్లీ మళ్లీ తిప్పింది. శ్రావణి నవ్వినా ఆమె సిగ్గుపడలేదు.

వైరింగు చేసేది వీరబాబు. చర్ల పక్క ఊరివాడు, జూలూరుపాడులో కిరాయికుంటూ చుట్టుపక్కల ఇళ్లకు పనిచేస్తాడు. పనిమంతుడే గానీ పెద్దసారు వెంకటనారాయణంటే భయం. ఆ సారు రోజూ వచ్చి, ఈ పలక బాగాలేదు తీసెయ్, ఆ ఫ్యాను వంకరగా ఉంది తీసెయ్ అనేవాడు. వీరబాబు ఊడదీసి మళ్లీ బిగించేవాడు. మంచం పక్క స్విచ్చు జోలికి మాత్రం సారు పోలేదు. దాన్ని చూసి "ఇదేంటి?" అన్నాడు. "నాది" అంది నిర్మలాదేవి. ఆ మాట అని తనే ఉలిక్కిపడింది, ఆ ఇంట్లో ఆమె అలా అనడం అదే మొదటిసారి.

రంగులవాళ్లు చివరి పూత వేసే రోజున, పనివాళ్లకు వంట చేయాలని పాత ఇంటికి బయల్దేరుతూ గేటు దగ్గర నుంచి కేకేసింది.

"వీరబాబూ, నా మంచం పక్కది తీసేసి వెళ్లు!"

కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఆమె పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ తీసెయ్ అంటే ఆర్పమని. లైటు తీసెయ్, ఫ్యాను తీసెయ్, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అదే మాట. వీరబాబు వైపు ఆర్పాలంటే బంజెయ్ అంటారు. తీసెయ్ అంటే పెరికెయ్యడమే.

రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే మంచం పక్క గోడ నున్నగా, వెన్న రాసినట్టు ఉంది. దీపం లేదు, స్విచ్చు లేదు, అవి ఉండేవన్న గుర్తు కూడా లేదు. అరచేత్తో తడిమి చూసుకుంది.

"నువ్వే తీసెయ్యమన్నావటగా," అన్నాడు వెంకటనారాయణ వెనక నుంచి, నవ్వుతూ.

"ఆర్పమన్నానండీ!"

"వాడికేం తెలుసు పాపం. సిమెంటు పెట్టాడు, పైన రంగూ పడింది. గృహప్రవేశం ముందు గోడ పగలగొడతామా, అరిష్టం. అయినా నీకు స్విచ్చెందుకు? నోటితో చెబితే వెలిగే డబ్బా పెట్టించాను. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు." ఆ డబ్బాకు ఆయన తన గొంతొక్కటే నేర్పించాడు. ప్రతివాడూ వచ్చి అరిచి ఆడుకోకూడదట.

ఎవరిని తిడుతుంది? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని తనను తానే తిట్టుకుంది. ఎవరూ లేనప్పుడు ఆ గదిలో నిలబడి తన నోటిని తనే కొట్టుకుంది కూడా. గృహప్రవేశం నాడు ఆయన వచ్చినవాళ్లందరికీ ఇదే కథ చెప్పాడు. మా ఆవిడ ఖమ్మమంతా గాలించి స్విచ్చు తెచ్చుకుని, తన నోటితోనే ఊడబీకించుకుందని. అందరూ పగలబడి నవ్వారు. నిర్మలాదేవి కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ డబ్బా నాలుగు రోజులు పలికి మూగనోము పట్టింది. ప్లగ్గు వదులైందని సారు కబురు పెడితే, ఒక మధ్యాహ్నం వీరబాబు వచ్చాడు. పడకగదిలో సంచి దించి, ఆమె మంచినీళ్లు తెచ్చిస్తే తల దించుకునే తాగాడు.

"అమ్మా, నా మీద కోపం చేస్తున్నరట."

"నీ తప్పేముంది వీరబాబూ. నా మాటదే తప్పు."

"నేను ఊకెనే తియ్యలేదమ్మా. గంత ఇష్టంగ పెట్టించుకున్నది ఎందుకు తీసెయ్యమంటదని అనుమానమొచ్చింది. సారుకు ఫోన్ చేసిన."

ఆమె ఖాళీ గ్లాసు అందుకోబోయి ఆగింది. "ఏమని అడిగావు?"

"అమ్మ మంచం పక్కది తీసెయ్యమన్నది, బంజేసి పోవాల్నా, మొత్తానికే ఊడదియ్యాల్నా అని."

"ఆయనేమన్నారు?"

"జెరసేపు నవ్విండు. మొత్తం ఊడదీసి సిమెంట్ పెట్టు అన్నడు."

అంతే. తీసెయ్ అంటే ఆమె నోట ఏమిటో, ఆ మాట మధ్యనే పుట్టి పెరిగినవాడికి తెలియదా? తెలిసే నవ్వాడు. తెలిసే, వచ్చిన బంధువులందరి ముందూ ఆమెను నవ్వులపాలు చేశాడు. ఇన్నాళ్లూ ఆమె కొట్టుకున్నది మాత్రం తన నోటిని.

డబ్బా బాగైందో లేదో చూద్దామని వెంకటనారాయణ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె నేరుగా అడిగింది.

"నేను ఆర్పమన్నానని మీకు తెలుసు కదండీ?"

దొరికిపోయానన్న జంకు ఆయన మొహంలో మచ్చుకైనా లేదు. "తెలుసు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమేంటి? నేను పక్కనే ఉంటాను కదా, అడిగితే వెయ్యనా?"

"అడక్కుండా వేసుకోవాలనే కదా పెట్టించుకున్నాను."

"అదే నాకు నచ్చలేదు," అన్నాడాయన, కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత తేలిగ్గా.

నిర్మలాదేవి వీరబాబు వైపు తిరిగింది. ఈసారి ఏ పొరపాటుకూ తావివ్వదలచుకోలేదు. పుట్టింటి భాష పక్కన పెట్టి, అతని భాషలోనే అంది.

"ఆ గోడ పలగ్గొట్టు వీరబాబూ. ఇప్పుడే కొట్టు. నా స్విచ్చు నాకు మళ్ల పెట్టు."

వీరబాబు సంచిలో చెయ్యి పెట్టి సుత్తి పట్టుకున్నాడు. పట్టుకుని, సారు మొహంలోకి చూశాడు. వెంకటనారాయణ ఫోను తీసి ఏదో చూసుకుంటున్నాడు. ఆమె మాట అర్థం కానివాళ్లు ఆ గదిలో ఈసారి ఎవరూ లేరు.

వీరబాబు సుత్తిని వదిలేసి సంచి భుజాన వేసుకున్నాడు. వరండా లైటు ఎట్లున్నదో చూసొస్తనని చెప్పి బయటికి వెళ్లిపోయాడు.