పూత మీద బేరం

మాఘమాసం వచ్చిందంటే నాకు కాఫీల కొలువు మొదలవుతుంది. మా ఆయన సుబ్రహ్మణ్యం నూజివీడులో మామిడి వ్యాపారి. చెట్టు మీద పూత చూసి తోట కాపంతా కొనేస్తారు. పిందె పడకముందే బేరం అయిపోవాలి. రైతులు మా ముందుగదిలో కూర్చుంటారు, నేను గ్లాసులు పట్టుకుని వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతుంటాను. బేరం జరిగే గదిలో ఆడవాళ్ళు కూర్చోకూడదన్నది మా అత్తగారు కామేశ్వరి పెట్టిన నియమం. కాఫీ ఇచ్చేసి వచ్చెయ్యాలి, మాటలు వినపడనట్టు ఉండాలి అని పెళ్ళైన వారానికే చెప్పారు. ఇరవై ఒక్కేళ్ళుగా వినపడనట్టే ఉన్నాను. అన్నీ వినపడ్డాయి.

ఆ ఆదివారం గ్లాసులు కడుగుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చారు.

"ప్రమీలా, నీ శనివారం సభ ఇక ఆపెయ్యి. జి. కొండూరు యలమంద వచ్చి కూర్చున్నాడు. నీ వల్ల వాళ్ళమ్మాయి చెడిపోయిందంట. నువ్వు ఆపకపోతే తోట మనకివ్వనంటున్నాడు."

సభ అన్నది ఆయన వెటకారం. నేను ఊరి బయట ఇంజనీరింగ్ క్యాంపస్ లైబ్రరీలో అసిస్టెంటుని. నాలుగేళ్ళ క్రితం, క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల లేయా, బీరువాల వెనక కూర్చుని ఏడుస్తూ కనిపించింది. ఎందుకు చదువుతున్నానో తెలియడం లేదు మేడం అంది. నాకు మాత్రం ఏం తెలుసు? మరో ఇద్దరిని పిలిచి, అందరినీ లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టాను. అప్పటి నుంచి ప్రతి శనివారం ఐదింటికి ఏడెనిమిది మంది చేరతారు. బతుకుతో ఏం చేద్దామనుకుంటున్నారో వంతులవారీగా చెప్పుకుంటారు. కట్టుబాటు ఒక్కటే. ఎవరూ సలహా ఇవ్వకూడదు, జవాబు తమకు తెలియని ప్రశ్న మాత్రమే అడగాలి. మొదట్లో నాకే ప్రాణం మీదికొచ్చేది, నోరు ఊరుకుంటేగా. ఊళ్ళో పిల్లల భవిష్యత్తు నీకెందుకు, మనింట్లో పప్పు మాడకుండా చూడు అని ఆయన అంటూనే ఉన్నారు. లేయా ఇప్పుడు చెవిటి పిల్లలకి లెక్కలు చెబుతోంది. కార్తీక్ అనే కుర్రాడికి నాన్న కోసం కాదు, తనకే కోడింగంటే ఇష్టమని తెలిసొచ్చింది, హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఎవరేమన్నా ఆ మెట్ల మీద నేను చేసేది గొప్ప పని. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

యలమంద కూతురు సాయిలక్ష్మి మూడో సంవత్సరం చదువుతోంది. మొన్న తన వంతు వచ్చినప్పుడు, సాఫ్ట్‌వేర్ వద్దు, మామిడి తెగుళ్ళ మీద పని చేస్తానంది. ఇంటికెళ్ళి అదే చెప్పినట్టుంది. ఎంత ధైర్యం దానికి! ఇప్పుడు నేను ఆపేస్తే ఆ పిల్లని నడి దారిలో వదిలేసినట్టే.

కాఫీ తీసుకెళ్ళి యలమంద ముందు పెట్టాను. పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన దగ్గారు. గుమ్మంలో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తోటల్లో తిరగడానికేనా ఇంజనీరింగు చదివించింది అని నిలదీశాడు యలమంద. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మెట్ల మీద కట్టుబాటు మా ఇంట్లోనూ కట్టుబాటే.

"యలమంద గారూ, సాయిలక్ష్మి వయసులో మీరేమవ్వాలనుకున్నారండీ?"

మనిషి గ్లాసు కింద పెట్టాడు. పశువుల డాక్టరు కావాలనుకున్నానని, ఇంటర్లో ఉండగా నాన్న పోయి తోటలోకి దిగానని చెప్పాడు. ఇప్పటికీ ఈనే గేదెకి దూడ అడ్డం తిరిగితే ఊళ్ళో తననే పిలుస్తారట. అది చెబుతున్నప్పుడు అతని ముఖం చూడాలి.

"ఇంతవరకూ ఈ మాట నన్నెవరూ అడగలేదమ్మా," అన్నాడు.

కాయ దాకా ఆగకుండా పూత మీదే తోట ఎందుకిచ్చేస్తారని కూడా అడిగాను. వ్యాపారి ఎందుకు కొంటాడో నాకు తెలుసు గానీ, రైతు మనసులో ఏముంటుందో నిజంగానే తెలియదు.

"భయం తల్లీ. ఆగితే ఏ గాలొస్తుందోనని."

అన్నవాడే తల దించుకున్నాడు. నేను కూతురి ఊసెత్తలేదు. కాసేపటికి లేచి, పిల్లని చదువయ్యేదాకా సాఫ్ట్‌వేరని తొందరపెట్టనులే అన్నాడు. తోట మాటకి రేపొస్తానని మా ఆయనతో చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక ఇంటికప్పు ఎగిరిపోతుందనుకున్నాను. అత్తగారు లోపలికి వెళ్ళిపోయారు. మా ఆయన ఖాళీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నారు.

"ఏమవ్వాలనుకున్నారని నన్నెప్పుడూ అడగలేదేంటి నువ్వు?" అన్నారు.

జాలేసింది, అబద్ధమెందుకు. కానీ ఇరవై ఒక్కేళ్ళలో ఆయన నన్నూ అడగలేదు.

"శనివారం ఐదింటికి మెట్ల దగ్గరికి రండి," అన్నాను. "ముందు పిల్లల వంతు. తర్వాత నాది. ఆ తర్వాత మీది."