యాసీన్‌కి రెండేళ్లు నిండిన రోజు

మంగళవారం క్లాసంటే నాకు సోమవారం నుంచే ఒళ్లు బరువు. మన్సూరా పట్నంలో మా సంస్థకున్నది ఒకే గది, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. అనాథాశ్రమం నుంచి బిడ్డను తెచ్చి పెంచుకునే ఆడవాళ్లకు తొమ్మిదేళ్లుగా అక్కడ పాఠాలు చెబుతున్నాను. ఉలిక్కిపడి లేచే బిడ్డను ఎలా ఊరుకోబెట్టాలి, "నన్నెవరు కన్నారు" అంటే ఏం చెప్పాలి, అన్నిటికంటే ముందు కనకుండానే పాలు ఎలా తెప్పించుకోవాలి. చెప్పిందే చెప్పీ చెప్పీ నా గొంతంటే నాకే విసుగు పుట్టింది.

పాల సంగతి మా ముస్లింలకు చిన్నది కాదు. బిడ్డకు రెండేళ్లు నిండేలోపు ఒకే ఆమె అయిదుసార్లు కడుపునిండా పాలు పడితే, ఆ పాలిచ్చినావిడ వాడికి తల్లి. పట్టకపోతే, మీసాలొచ్చేనాటికి వాడు పరాయి మగవాడు. పెంచినామె సొంతింట్లో వాడి ముందు తలమీద గుడ్డ తీయకూడదు. ఒంటరిదైతే ఒకే ఇంట్లో ఉండటమే తప్పవుతుంది.

ఇన్సాఫ్ ఒంటరిదే. నలభై నాలుగేళ్లు. పిల్లల్లేరని మొగుడు విడాకులిచ్చాడు, బట్టలు కుట్టుకుని బతుకుతోంది. యాసీన్‌ను ఏడాదిన్నర వయసులో తెచ్చుకుంది. ఆ రోజు నుంచీ మాత్రలు మింగడం, మూడు గంటలకోసారి పాలు తీసే పంపు పెట్టుకోవడం. రెండు నెలలు చుక్క రాలేదు. ఆ తర్వాత రోజంతా కష్టపడితే ఒక చెంచా. ఆ చెంచాలనే ఫ్రీజర్‌లో పోగేసి, గ్లాసుడయ్యాక వాడికి తాగించేది. అలా రెండుసార్లు అయింది.

ఆమె చెల్లెలు రావియా కింది అంతస్తులోనే ఉంటుంది. ఆరు నెలల పాప తల్లి. "నా దగ్గర వద్దంటే వస్తున్నాయక్కా. నేను పట్టినా నీకు పెద్దమ్మ వరస అవుతుందిగా, ఆ ముసుగు బాధ ఉండదుగా" అని మొదట్నుంచీ పోరుతోంది. ఇన్సాఫ్ ఒప్పుకోలేదు. "పెద్దమ్మననిపించుకోడానికా వీణ్ణి తెచ్చుకుంది?" అనేది.

ఆ మంగళవారం ఇన్సాఫ్ ముఖంలో ఎన్నడూ లేని కళ. యాసీన్‌తో వస్తూనే, "నవాల్ అక్కా, డాక్టరు మాత్ర మార్చాక రెండ్రోజులకి సగం గ్లాసొస్తోంది! ఇంకా ఇరవై రెండు రోజులుంది. మూడు గ్లాసులు ఎక్కడికి పోతాయి?" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కొత్తగా చేరిన సుమయ్య మాత్రం కొట్టలేదు. మదరసా పంతులు గారి భార్య, నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల. "అక్కా, ఆ రెండేళ్లూ చంద్రుడి నెలల్లో కదా లెక్కపెట్టాలి? ఏడాదికి పదకొండు రోజులు తగ్గుతాయి కదా?" అంది.

ఉపవాసాలూ పండగలూ చంద్రుణ్ణి చూసే చేస్తాం. కానీ బడి, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ సూర్యుడి కాలెండర్ మీదే నడుస్తాయి. యాసీన్ పుట్టిన తేదీని కాగితంలో ఉన్నదున్నట్టు చూసి, దానికి రెండేళ్లు కలిపి గడువు రాసింది నేనే. ఇంతవరకూ నా దగ్గరికి నెలల పిల్లలే వచ్చారు కాబట్టి ఈ తప్పు బయటపడలేదు. ఫోను తీసి లెక్క చూశాను. మళ్లీ చూశాను.

"ఎప్పటికి?" అంది ఇన్సాఫ్.

"ఈ రోజు పొద్దుగూకేదాకా."

ఆమె యాసీన్‌ను చంకనేసుకుని బయటికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను. "నాదే తప్పు ఇన్సాఫ్" అన్నాను దారిలో.

"నీదే" అంది. "వచ్చే వారం ఆ విషయం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయి."

రావియా తలుపు తీసింది. ఇన్సాఫ్ గుమ్మంలోనే నిలబడి, "అయిదుసార్లు పట్టాలి. సాయంత్రంలోపు" అంది. రావియా పంపు తెచ్చుకుని కూర్చుంది.

మొదటి గ్లాసు వాడు గటగటా తాగాడు. రెండోది ఆకలేసేదాకా ఆగాలి. ఇంకేమీ పెట్టకుండా, వాడు రొట్టె అడిగితే ఇవ్వకుండా, ఆడిస్తూ కూర్చున్నాం. మూడోదానికి ముఖం తిప్పుకున్నాడు. రావియా పట్టబోతే గ్లాసు తోసేశాడు. చివరికి ఇన్సాఫే వాణ్ణి ఒళ్లో వేసుకుని, "తాగు నాన్నా, అమ్మ మాట వినవూ" అంటూ చెల్లెలి పాలు తన చేత్తో పట్టింది. నాలుగోదీ అంతే. రావియా కళ్లొత్తుకుంటూ, "ఇప్పుడైనా ఓ మాట తిట్టక్కా నన్ను" అంది.

"నీకు పాలున్నాయని తిట్టాలా? ఊరుకో."

అయిదోది వాడు చివరి చుక్కదాకా తాగి తేన్చేసరికి, కిటికీలో ఇంకా కాస్త వెలుతురు మిగిలి ఉంది. పావుగంట తర్వాత మసీదులో సాయంకాలపు అజాన్ వినబడింది. రావియా పాపకి అన్న వచ్చాడు. ఇన్సాఫ్ పెద్దమ్మ అయింది. ఇక ఈ బిడ్డను ఆమె దగ్గర్నుంచి ఎవరూ వేరు చెయ్యలేరు. సంతోషించాల్సిన సంగతే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మేడమీద తన ఇంటికెళ్లి ఇన్సాఫ్ ఫ్రీజర్‌లోంచి సంచీ తీసింది. అడుగున సగం గ్లాసుడు పాలు గడ్డకట్టి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో దాన్ని ముంచి పట్టుకుంది. నా నోరు ఊరుకోదు కదా, "ఇక ఇది లెక్కలోకి రాదమ్మా" అన్నాను.

"నాకు తెలీదా?" అంది. కుర్చీలో కూలబడి, తలమీది గుడ్డ తీసి పక్కన పడేసి, నిద్రలో తూగుతున్నవాణ్ణి ఒళ్లోకి తీసుకుంది. వాడు రెండు గుక్కలు తాగి నిద్రపోయాడు. మిగిలినవి ఆమె పారబోయలేదు. వాడు లేస్తే పడతానని గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది.