తెగిన రేడియో తీగ

పంచాయతీ గదిలో రేడియో మూగబోయింది. కప్పు మీద ఏరియల్‌గా కట్టిన రాగి తీగను ఎవరో కోసుకుపోయారు. ఆ పాడు పని ఎవరిదో ఊరికి తెలియదు గాని పేరమ్మకు తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎండుచేపలు తిరగేస్తూ కళ్ళారా చూసింది. కోసినవాడు సాక్షాత్తూ మరిది మస్తానయ్య! సారా కోసం తెగనమ్ముకున్నాడు, దౌర్భాగ్యుడు.

తుపాను కబురు చెప్పేది ఆ రేడియో ఒక్కటే. అందుకే పల్లెలో తీర్పులు చెప్పే పెద్దకాపు గంగులయ్య చాటింపు వేయించాడు. చూసినవాళ్ళు వచ్చి చెప్పాలి, కోసినవాడి చేతే కొత్త తీగ పెట్టిస్తాం, వాడి ఇంటికి దురాయి తప్పదు అని. ఆ పల్లెలో దురాయి పడితే మళ్ళీ పున్నమి దాకా ఆ ఇంటి తెప్ప సముద్రంలో దిగకూడదు. తప్పు ఒకడిదైనా శిక్ష ఇంటిల్లిపాదికీ.

ఇక పేరమ్మకు ముద్ద దిగితే ఒట్టు. మొగుడు ముత్యాలయ్యకూ మరిదికీ కలిపి ఉన్నది ఒకటే తెప్ప. చూస్తే వంజరం చేపలు పడే రోజులు. ఇప్పుడు తెప్ప ఒడ్డున కూర్చుంటే పిల్లలు గంజికి మొహం వాచిపోరూ!

మస్తానయ్యను ఇసుక దిబ్బ చాటుకు పిలిచి కడిగేసింది.

"ఏందిరా నువ్వు చేసిన పని? ఊరి సొత్తు మీద చెయ్యేస్తావా? నీ చేతులు పడిపోను!"

"అన్నకు చెప్పొద్దు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. సంపేస్తాడు."

"మీ అన్న సంగతి అట్టుంచు. దురాయి పడితే పిల్లకాయలు ఏం తినాల?"

అయినా మనసు ఊరుకోక గంగులయ్య గుమ్మం దాకా పోయింది.

"ఏమ్మే పేరమ్మా, ఏమన్నా చూసినావా?" అన్నాడాయన.

"నేనేం చూస్తా మామా, నాకు చేపలతోనే సరిపోయె" అనేసింది. ఇల్లు నిలబెట్టానని తిరిగొస్తూ మురిసింది కూడా, పిచ్చి ముండ.

ఆ వారమే తుపాను వచ్చింది. పక్క పల్లెలవాళ్ళు రేడియోలు విని తెప్పలు మెరకకు లాగేసుకున్నారు. వీళ్ళకు చెప్పే దిక్కేదీ? వేకువనే పోయినవాళ్ళలో దగ్గర్లో వలేసినవాళ్ళు ఎట్లాగో బయటపడ్డారు. వంజరాల కోసం లోతుకు పోయిన ముత్యాలయ్య రాలేదు, మస్తానయ్య రాలేదు. గంగులయ్య పెద్దకొడుకూ రాలేదు.

గాలి తగ్గింది. అలలు తెప్పల దుంగలు తెచ్చి పడేశాయి, మనుషులను తేలేదు. ఒడ్డున నిలబడ్డ గంగులయ్య కాళ్ళ మీద పేరమ్మ దబ్బున పడింది.

"తీగ కోసింది మా మస్తానే మామా! నేను చూసినా. దురాయి పడుద్దని నోరు మూసుకున్నా. ఆ పొద్దే చెప్పుంటే మా తెప్ప ఒడ్డునే ఉండేది గదా! మీరు వాడి చేత తీగ వేయించుండేవాళ్ళు గదా! నీ బిడ్డను కూడా నేనే మింగినా. ఇప్పుడన్నా వెయ్యి మామా దురాయి, నాకు వెయ్యి!"

ముసలాయన కాళ్ళు వెనక్కు తీసుకోలేదు. తిట్టలేదు. వంగి ఆమె భుజం పట్టి లేపాడు.

"ఇంటికి పో అమ్మే. తెప్ప లేని ఇంటికి ఏం దురాయి వేసేది?"