కర్టెన్ ఉతికిన నీళ్లు

మా వెనకగది కర్టెన్‌ని బకెట్లో ముంచిన రెండో నిమిషానికే నీళ్లు డికాషన్ రంగుకి తిరుగుతాయి. పదిహేనేళ్లుగా ప్రతి శనివారం ఇదే తంతు. మొదటి జాడింపు డికాషన్, రెండోది పల్చటి టీ, మూడోదానికి గానీ బకెట్ అడుగు కనపడదు. కర్టెన్ తర్వాత దిండు గలీబులు, ఆ తర్వాత తడిగుడ్డతో కిటికీ రెక్కలు, ఫ్యాను రెక్కలు. మా ఆయన సిగరెట్లు కాల్చేది ఆ గదిలోనే, తలుపులు బిగించుకుని. ఎందుకంటే ఆయన పళ్ల డాక్టరు. పొద్దున్నించీ సాయంత్రందాకా వచ్చినవాళ్లందరి నోళ్లు తెరిపించి "ఏమయ్యా, మళ్లీ కాల్చావా? నీకసలు బుద్ధుందా?" అని తిడతారు. ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే పెట్టె తీస్తారు.

పెళ్లయిన కొత్తలో ఈ సంగతి తెలిసి నేను బిక్కమొహం వేస్తే అత్తయ్య తేలిగ్గా నవ్వేసింది. "మగాడన్నాక ఏదో ఒక అలవాటు ఉంటుందమ్మా. అది గుమ్మం దాటకుండా చూసుకో, చాలు." చూసుకున్నాను. అదేదో ఉద్యోగంలా చూసుకున్నాను, సెలవుల్లేని ఉద్యోగం. ఎవరైనా వస్తున్నారంటే ఆయన వేళ్లకి నిమ్మచెక్క రాయడం, తలుపు కింద తడి తువ్వాలు పెట్టడం, సిగరెట్ పీకలు కాగితంలో చుట్టి పక్కవీధి చెత్తకుండీ దాకా నడవడం. మా పిల్ల ఒళ్లంతా కలిపి పిడికెడంతే ఉంటుందని అందరం పిచ్చుక అంటాం. దానికి అయిదేళ్లప్పుడు "డాడీ సిగరెట్ సంగతి బయట ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నది కూడా నేనే. ఇప్పుడు దానికి పద్నాలుగు. కాలింగ్ బెల్ మోగితే నాకంటే ముందే లేచి కిటికీలు తెరుస్తుంది.

అది చదివే స్కూల్లోనే నేను సైన్సు చెబుతాను. కిందటి నెల ల్యాబు వెనక రెండు సిగరెట్ పీకలు, నమిలే పొగాకు పొట్లం ఒకటి, పెన్నులా ఉండే ఈ-సిగరెట్ ఒకటి దొరికాయి. మా హెడ్మిస్ట్రెస్ పెద్దమేడమ్ అగ్గిమీద గుగ్గిలమైపోయింది. "వారం రోజులు తొమ్మిదో తరగతికి పొగాకు పాఠాలు చెప్పండి. శుక్రవారం ముగింపు సభ. ముఖ్య అతిథిగా మీవారినే పిలుద్దాం, పళ్ల డాక్టరు కదా!" అంది. స్టాఫ్‌రూమంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

సోమవారం మొదలుపెట్టాను. నమిలినా, కాల్చినా, పెన్నులోంచి ఆవిరిలా పీల్చినా లోపలికి వెళ్లేది నికోటినే అని చెప్పాను. మీ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, అందుకే మీకు పెద్దవాళ్లకంటే తొందరగా పట్టేస్తుంది, పట్టిందంటే ఒక పట్టాన వదలదు అని చెప్పాను. నేను నోరు తెరిచినంతసేపూ రెండో బెంచీలో పిచ్చుక తలొంచుకుని నోటుబుక్కు మార్జిన్లో గళ్లు గీస్తూ కూర్చుంది. ఆఖర్న ఒకమ్మాయి లేచి "మేడమ్, ఇంట్లో ఎవరైనా కాలిస్తే మనకేమవుతుంది?" అని అడిగింది. గళ్లు గీసే పెన్సిల్ ఆగింది. "అది రేపు చెప్పుకుందాం" అన్నాను. మంగళవారం ఇంకేదో చెప్పాను.

బుధవారం తనిఖీ. ఆడపిల్లలని వరసలో నిలబెట్టి కోట్లూ బ్యాగులూ వాసన చూడాలట. ఇలాంటి దిక్కుమాలిన పనులన్నీ సైన్సు టీచరుకే. ముప్ఫై ఒక్కమంది. ఒకళ్ల దగ్గర తలనూనె, ఒకళ్ల దగ్గర చెమట, ఒకమ్మాయి బ్యాగులో రెండ్రోజుల నాటి అరటిపండు. చివర్న మా పిచ్చుక కోటు కూడా ముక్కుకి ఆనించాను. సబ్బు వాసన. "ఎవరూ లేరు మేడమ్" అన్నాను పెద్దమేడమ్‌తో. నా వెనక నిలబడ్డ ఆటల టీచరు మొహం చిట్లించింది. "ఒక్క నిమిషం" అంటూ వచ్చి మా పిల్ల కోటు అంచు పట్టుకుంది.

"అయ్యో మేడమ్, గుప్పుమంటోంది కదా! మీకు తెలియలేదా?"

దేవుడి మీద ఒట్టు, నాకు తెలియలేదు.

పెద్దమేడమ్ తన గదిలో నన్నూ పిచ్చుకనీ పక్కపక్కనే నిలబెట్టింది. "సొంత కూతురని వదిలేశారా మేడమ్? మీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాను!" తర్వాత దానివైపు తిరిగింది. "కాల్చావా?"

"లేదు మేడమ్."

"మరి ఈ వాసన ఎక్కడిది?"

అది నావైపు చూసింది. ఒక్క క్షణమే. "తెలీదు మేడమ్" అంది.

అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పలేదు. "శుక్రవారం సభ అయ్యేలోగా ఒప్పుకుని కాగితం రాసివ్వు. రాసిస్తే వారం రోజులు ఇంట్లో కూర్చోబెడతాను. ఇవ్వకపోతే ఈ స్కూల్లో నీకు చోటు లేదు" అంది పెద్దమేడమ్. గంట కొట్టారు. నేను వెళ్లి పదో తరగతికి కాంతి పరావర్తనం చెప్పాను. ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు.

ఇంటికెళ్లే దారిలో పిచ్చుకని అడిగాను. "బట్టలు వాసనొస్తున్నాయని నాతో ఒక్కసారైనా అనలేదేంటే?"

"ఆ సంగతి ఎత్తితే ష్, ష్ అంటావుగా" అంది. కోపం కూడా లేదు దాని గొంతులో. కోపం ఉన్నా బాగుండేది.

ఆయన అంతా విని సిగరెట్ వెలిగించారు. "వానలని యూనిఫామ్ తీసుకెళ్లి ఈ గదిలో ఆరేశావా? ఆమాత్రం తెలివుండక్కర్లా?" అంటే తప్పు తాడుది, తాడు కట్టిన నాది. రెండు దమ్ములు లాగాక ఆయనకి ఉపాయం తట్టింది. "సరదాకి ఒక్కసారి కాల్చానని రాసిచ్చేయమను. పిల్లలన్నాక మామూలే. వారంలో అందరూ మర్చిపోతారు. నా సంగతి బయటపడితే క్లినిక్‌కి ఎవడొస్తాడు?" అత్తయ్య గుమ్మం దగ్గర్నించి "అవునమ్మా, వాడి పరువు పోతే మనందరిదీ పోయినట్టే" అంది. మరి దీని పరువు? ఆ ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్నే రాలేదు.

"సరే డాడీ, రాసిస్తాలే" అంది పిచ్చుక. అని ఊరుకోలేదు, కాగితం తెచ్చుకుని మార్జిన్ కొట్టి రాయడం మొదలుపెట్టింది. తలుపు కింద తువ్వాలు పెట్టినంత మామూలుగా. నేను చెప్పిన పాఠాల్లో ఇదొక్కటే అది పూర్తిగా నేర్చుకున్నది.

దాని కోటు తీసుకెళ్లి పెరటి వాకిట్లో నిలబడి మొహం అందులో దాచుకున్నాను. ఒకసారి, రెండుసార్లు, గుండెల నిండా పీల్చాను. సబ్బు. అంతే. వాసన బయటికి పోకుండా ఇన్నేళ్లు కాపలా కాశానే, నా ముక్కు ఎప్పుడు మొద్దుబారిందో చూసుకోనేలేదు.

గురువారమంతా భయమే. బోర్డు మీద సుద్దముక్క మూడుసార్లు విరిగింది. చెబితే ఆయన ఏమంటారు, క్లినిక్ ఏమవుతుంది, సాయంత్రం ఆ ఇంట్లోకి ఏ మొహంతో అడుగుపెడతాను? చెప్పకపోతే ఇది రేపు సంతకం పెడుతుంది. ఇప్పుడు తండ్రి కోసం పెడితే, పెద్దయ్యాక మొగుడి కోసం పెడుతుంది. ఎంత ఆలోచించినా అక్కడికొచ్చి ఆగిపోయేదాన్ని.

శుక్రవారం పొద్దున్నే వెనకగది కర్టెన్ ఊడదీసి బకెట్లో వేశాను. ఆయన టై కట్టుకుంటూ "ఇవాళ శనివారమా?" అన్నారు. "కాదు" అన్నాను. మొదటి జాడింపు నీళ్లని లీటరు సీసాలో పట్టి బ్యాగులో పెట్టుకున్నాను. గేటు దగ్గర పిచ్చుకని ఆపాను. "ఆ కాగితం ఇటివ్వు."

"ఇంకా సంతకం పెట్టలేదమ్మా."

"పెట్టకు. చిన్నప్పుడు నీతో వేయించుకున్న ఒట్టు ఉందే, అది కూడా తీసి గట్టు మీద పెట్టు."

అది అర్థంకానట్టు చూసింది. తర్వాత అర్థమైంది కాబోలు, "అమ్మా, డాడీ కోప్పడతారు" అంది. "కోప్పడనీ" అన్నాను.

సభలో ఆయన ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా మాట్లాడారు. నల్లబడ్డ చిగుళ్ల బొమ్మలు చూపించి, పిల్లలని నవ్వించి, భయపెట్టి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నారు. తర్వాత నా వంతు. సీసాలో దూది పెట్టి, సిగరెట్ గుచ్చి, పొగ పీల్చినప్పుడు దూది ఎలా పసుపెక్కుతుందో చూపించాలి. అవన్నీ పక్కకి జరిపి, బ్యాగులోంచి నా సీసా తీసి పైకెత్తాను.

"ఇదేంటో చెప్పండి."

"డికాషన్!" "టీ మేడమ్!" హాలంతా నవ్వు. ఆయన కూడా నవ్వారు. ఇన్నేళ్లలో ఈ నీళ్లని ఆయన ఒక్కసారీ చూడలేదు మరి.

"సోమవారం ఒకమ్మాయి అడిగింది, ఇంట్లో ఎవరైనా కాలిస్తే మనకేమవుతుందని. రేపు చెబుతానని ఎగ్గొట్టాను. ఇవాళ చెబుతాను. కిటికీ తెరిస్తే పొగ పోతుందనుకుంటాం. పోదు. గోడలకి, దిండ్లకి, తాడు మీద ఆరేసిన పిల్లల కోట్లకి అంటుకుని ఉండిపోతుంది. ఒక్క సిగరెట్ కూడా ముట్టని పిల్లల ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. అదే ఇంట్లో ఉండీ ఉండీ, ఆ పిల్లల అమ్మ ముక్కుకి వాసనే తెలియకుండా పోతుంది."

పెద్దమేడమ్ నన్ను చూసి, ముఖ్య అతిథి కుర్చీవైపు చూసింది. ఆయన టై సర్దుకుంటున్న చెయ్యి మెడ దగ్గరే ఉండిపోయింది. రెండో వరసలో పిచ్చుక తలెత్తింది. సీసాని ఇంకాస్త పైకెత్తాను.

"ఇవి మా ఇంటి కర్టెన్ ఉతికిన నీళ్లు" అన్నాను. "ప్రతి శనివారం నేనే ఉతుకుతాను. రేపు శనివారం. ఉతకను."